వేరుశనగ విత్తనము, ఎరువులు: కొనుటకు ముందు అవసరము వ్రాసుకొనుట

వేరుశనగ సేద్యపు పెట్టుబడిలో పెద్ద భాగము విత్తనమునకే పోవును. నాటు వరికి ఎకరమునకు 20 నుండి 30 కిలోల విత్తనము చాలును. వేరుశనగకు అంతకు రెట్టింపునకు పైగా గింజలు కావలెను. పైగా తడి నేలలో పడిన విత్తనమును తిరిగి తీయుటకు వీలులేదు. మొలక సగమే వచ్చినచో రెండవసారి విత్తుటకు చేతిలో డబ్బు ఉండదు. ఉన్నను అదును దాటిపోవును. రాయలసీమ మెట్టభూములలో ఒక అదును తప్పినచో ఆ సంవత్సరమే తప్పినట్లు.

ఇంత ముఖ్యమైన కొనుగోలును మనలో చాలమంది ఎట్లు చేయుచున్నారు? వాన పడిన మరునాడు అంగడికి పరుగెత్తి, “ఏమున్నది?” అని అడుగుచున్నారు. ఉన్నది తెచ్చి విత్తుచున్నారు. ఏ రకము, ఎంత, ఏ ఎరువు, దానితోపాటు మరేమి కొనవలెను అను విషయములన్నియు అంగడివారే నిర్ణయించుచున్నారు. వారు చెడ్డవారని ఇందుకు అర్థము కాదు. తమవద్ద నున్న సరకును అమ్ముట వారి పని. మన పొలమునకు ఏమి కావలెనో నిర్ణయించుట మన పని. ఆ పనిని మనము చేయనిచో ఇంకొకరు చేయుదురు. నష్టము మాత్రము మనకే మిగులును.

పెద్ద కర్మాగారములలో ఒక మేకు కొనవలెనన్నను ముందు దాని పొడవు, మందము, లోహము, సంఖ్య, ఏ తేదీకి కావలెనో కాగితముపై వ్రాయుదురు. పిమ్మట నలుగురిని ధర అడుగుదురు. ఈ పద్ధతి రైతులకు, ముఖ్యముగా కలిసి కొనుగోలు చేయు రైతు సంఘములకు, చక్కగా ఉపయోగపడును. దీనిని ఎట్లు అమలుజరుపవలెనో 20 కుటుంబములు, 60 ఎకరముల వర్షాధార వేరుశనగ గల ఒక సంఘమును ఉదాహరణగా తీసికొని వివరించెదము. పాలమూరు ప్రాంతమున యాసంగిలో వేరుశనగ వేయు రైతులకు కూడ తేదీలు మార్చుకొనినచో ఇదే లెక్క పనికివచ్చును.

అవసర పత్రము

సంఘ సభ్యులందరు ఒకచోట కూర్చుండి, ఈ క్రింది ఆరు ప్రశ్నలకు జవాబులు ఒక కాగితముపై వ్రాసుకొనవలెను.

1. ఏమి కావలెను?
2. ఎంత కావలెను?
3. ఎట్టి నాణ్యము కావలెను?
4. ఎప్పటికి, ఎక్కడికి చేరవలెను?
5. డబ్బు ఎప్పుడు, ఎట్లు చెల్లింతుము?
6. సరకు చెప్పినట్లు లేనిచో అమ్మినవారు ఏమి చేయవలెను?

ప్రతి జవాబునకు ఎదురుగా అది “తప్పనిసరి”యా, “ఉన్న మేలు”యా అని గుర్తు పెట్టుకొనవలెను. ఈ విభజన చాల ముఖ్యము. మొలక శాతము తప్పనిసరి. సంచి ఇంటి ముంగిటికి వచ్చుట ఉన్న మేలు. ఈ రెండింటిని కలగాపులగము చేసినచో, ఇంటికి తెచ్చి ఇచ్చినారన్న సంతోషములో మొలకను అడుగుట మరచిపోదుము.

ఏ రకము కావలెనన్నది సభ్యుల పొలములను బట్టి తేల్చుకొనవలెను. నేల ఎర్ర గరపయా, నల్లరేగడియా? బెట్ట ఎక్కువగా వచ్చు చోటా? గత మూడేండ్లలో తిక్క ఆకుమచ్చ, మొవ్వుకుళ్లు ఎంత వచ్చినవి? కదిరి, తిరుపతి పరిశోధనా స్థానముల నుండి వెలువడిన రకములలో మీ ప్రాంతమునకు తగినవి ఏవో మండల వ్యవసాయాధికారి నడిగి రెండు రకముల పేర్లు వ్రాసుకొనవలెను. ఒకే పేరు వ్రాసుకొనినచో అది దొరకనప్పుడు తిరిగి అంగడివారి మాటయే గతియగును.

ఎంత కావలెను?

ఇచట ఉజ్జాయింపు పనికిరాదు; లెక్క కట్టవలెను. సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు దూరము పెట్టినచో ఎకరమునకు సుమారు 1,33,000 మొక్కలు పట్టును. మీరు ఎంచుకొన్న రకములో 100 గింజలు 40 గ్రాములు తూగుననుకొందము. అప్పుడు 1,33,000 గింజల బరువు సుమారు 53 కిలోలు. నాటిన ప్రతి గింజయు మొలిచినచో ఇంతే చాలును. గాని మొలక 85 శాతమే యైనచో 53ను 0.85తో భాగింపవలెను; దాదాపు 63 కిలోలు వచ్చును. 60 ఎకరములకు 3,780 కిలోల గింజలు కావలెను.

విత్తనము కాయల రూపమున కొనునప్పుడు ఇంకొక లెక్క ఉన్నది. 100 కిలోల కాయలు ఒలిచినచో 70 కిలోల గింజలు వచ్చుననుకొందము. 3,780 కిలోల గింజలకు 5,400 కిలోల కాయలు, అనగా 30 కిలోల సంచులు 180 కావలెను. ఒలుచునప్పుడు చీలిపోవు గింజలు, ఏరివేయు పుచ్చు గింజలు నూటికి 5 పోవుననుకొని 190 సంచులు వ్రాసుకొనవలెను. గింజ లావైన రకమైనచో బరువు పెరుగును, చిన్నదైనచో తగ్గును. కావున మీ రకపు 100 గింజలను త్రాసులో తూచి మీ లెక్క మీరే కట్టుకొనుడు.

ఎట్టి నాణ్యము కావలెను?

ధ్రువీకరించిన వేరుశనగ విత్తనమునకు ఉండవలసిన కనీస ప్రమాణములు ఇవి: భౌతిక స్వచ్ఛత 96 శాతము, మొలక 70 శాతము, తేమ 9 శాతమునకు మించరాదు. ధ్రువీకరణ సంస్థ నీలిరంగు ట్యాగు కట్టును. మూలవిత్తనమునకు తెలుపు ట్యాగు ఉండును. ఆకుపచ్చ చీటీ మాత్రమే ఉన్న సంచిలోని విత్తనము ఉత్పత్తిదారు తన సొంత పూచీపై అమ్మునది. ధ్రువీకరణ గడువు పరీక్ష తేదీ నుండి 9 నెలలు. తిరిగి పరీక్షించి పొడిగించుటకు వీలున్నది. కావున ట్యాగుపై తేదీని తప్పక చదువవలెను.

ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. 70 శాతము అనునది ఆ విత్తనమును ధ్రువీకరించి అమ్ముటకు అర్హత మాత్రమే. మీ పొలమునకు అది చాలునా లేదా అని నిర్ణయించునది మీరు. వర్షాధారపు సేద్యములో 85 శాతము కోరుట అత్యాశ కాదు. ట్యాగుపై సాధారణముగా కనీస ప్రమాణమే అచ్చుపడి ఉండును. ఆ లాటునకు వాస్తవముగా వచ్చిన మొలక ఎంతయో తెలియవలెనన్న పరీక్షా నివేదిక నకలు అడుగవలెను. “ప్రతి లాటుకు పరీక్షా నివేదిక ఇవ్వవలెను” అను మాటను అవసర పత్రములో తప్పనిసరి క్రింద వ్రాయుడు.

ఖరీఫుకు వేయు విత్తనము అంతకు ముందటి యాసంగిలో పండిన పంటదైనచో మేలు. గత ఖరీఫు కాయలు ఏడెనిమిది నెలలు నిలువ ఉండి మొలకశక్తిని కోల్పోవును. వేరుశనగ గింజ కాయలో ఉన్నంత కాలము భద్రముగా ఉండును. ఒలిచిన పిమ్మట త్వరగా చెడును. అందుచేత కాయలే కొని, విత్తుటకు వారము రోజుల ముందు ఒలుచుకొనుట మంచిది.

కిలో ధర చూడరాదు. ఎకరపు ఖర్చు చూడవలెను

కాయలు కిలో 70 రూపాయలకు ఒకరు, 80 రూపాయలకు ఇంకొకరు ఇవ్వజూపిరనుకొందము. ఈ ధరలు లెక్క తెలియుటకు వేసినవే. మొదటివారి కాయలలో గింజ 65 శాతము, మొలక 75 శాతము. రెండవవారి కాయలలో గింజ 72 శాతము, మొలక 90 శాతము.

మొదటివారి విత్తనమైనచో ఎకరమునకు 71 కిలోల గింజలు, అనగా 109 కిలోల కాయలు కావలెను. ఖర్చు 7,630 రూపాయలు. రెండవవారిదైనచో 59 కిలోల గింజలు, అనగా 82 కిలోల కాయలు చాలును. ఖర్చు 6,560 రూపాయలు. కిలోకు 10 రూపాయలు ఎక్కువ చెప్పినవారి సరకే ఎకరమునకు 1,070 రూపాయలు తక్కువ పడినది! 60 ఎకరములకు ఈ తేడా 64,200 రూపాయలు. పైగా మొలక తక్కువైన విత్తనము నేలలో నెమ్మదిగా, ఎగుడుదిగుడుగా మొలచును, దుబ్బులు పలుచబడును. ఆ నష్టము ఈ లెక్కలో చేరలేదు. రాయితీపై విత్తనము దొరకునప్పుడు కూడ రాయితీ పోగా పడు ధరను ఈ విధముగానే లెక్కించి చూడవలెను.

ఎరువుల విషయము

ఎరువును సంచి పేరుతో గాక పోషకముల పేరుతో వ్రాసుకొనవలెను. భూసార పరీక్షను బట్టి ఎకరమునకు 8 కిలోల నత్రజని, 16 కిలోల భాస్వరము, 20 కిలోల పొటాషు వేయవలసి ఉన్నదనుకొందము. సూపరు ఫాస్ఫేటు 100 కిలోలలో 16 కిలోల భాస్వరముతోపాటు 11 కిలోల గంధకము కూడ ఉండును. మ్యురేటు ఆఫ్ పొటాషు 33 కిలోలలో 20 కిలోల పొటాషు ఉండును. యూరియా 18 కిలోలలో 8 కిలోల నత్రజని ఉండును.

అంగడిలో “సూపరు లేదు, డి.ఎ.పి. తీసికొనుడు” అనవచ్చును. 35 కిలోల డి.ఎ.పి.లో 16 కిలోల భాస్వరము, 6 కిలోల నత్రజని వచ్చును. యూరియాను ఆ మేరకు తగ్గించుకొనవచ్చును. గాని డి.ఎ.పి.లో గంధకము లేదు. వేరుశనగ కాయలు గట్టిపడుటకు సున్నము, నూనె పట్టుటకు గంధకము అవసరము. పూత దశలో ఎకరమునకు 200 కిలోల జిప్సము వేయు ఏర్పాటు ఉన్నచో ఈ మార్పునకు ఒప్పుకొనవచ్చును; లేనిచో ఒప్పుకొనరాదు. అవసరమును పోషకములలో వ్రాసుకొన్నవారికి ఈ నిర్ణయము రెండు నిమిషముల పని. సంచి పేరు మాత్రమే తెలిసినవారు చెప్పినదానికి తల ఊపవలసివచ్చును.

ఒక ఎరువు ఇవ్వవలెనన్న ఇంకొక మందు సీసా కొనవలెనని ఎవరైన ఒత్తిడి చేసినచో, అట్టిదానికి లోబడవలసిన పని లేదు. “మా పత్రములో లేనిది కొనము” అని చెప్పి, విషయమును వ్యవసాయాధికారికి తెలియజేయవలెను. సంఘము తన పేరున ఎరువులు, విత్తనములు కొని సభ్యులకు అమ్మదలచినచో లైసెన్సు కావలసియుండును. ఆ సంగతి ముందుగానే అధికారి నడిగి తెలిసికొనుడు.

ఎప్పటికి చేరవలెను?

విత్తు తేదీ నుండి వెనుకకు లెక్కపెట్టవలెను. జూలై మొదటి వారములో విత్తుదుమనుకొందము. జూన్ చివరి వారములో కాయలు ఒలువవలెను. అంతకు ముందే మొలక పరీక్ష ముగియవలెను. ఆ పరీక్షకు 10 రోజులు పట్టును. పరీక్షలో చెడిపోయినచో మార్చి తెచ్చుకొనుటకు ఇంకొక వారము కావలెను. కావున జూన్ 5వ తేదీ నాటికి సరకు ఊరు చేరవలెను. అట్లు చేరవలెనన్న మే మధ్యలో ఆర్డరు ఇయ్యవలెను. ఏప్రిల్‌లోనే ధరలు అడుగవలెను. ఈ లెక్క వేసుకొననివారికి పరీక్షించుటకు వ్యవధి ఉండదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనమేమి?

అమ్మకందారుని ఎంచుకొనుట

ప్రభుత్వ విత్తన సంస్థలు, సహకార సంఘము, ప్రైవేటు వ్యాపారులు, విత్తనోత్పత్తి చేయు పొరుగూరి రైతులు, ఇందరిలో కనీసము ముగ్గురికి అవసర పత్రపు నకలు ఇచ్చి, వ్రాతమూలకముగా జవాబు కోరవలెను. అందరికి ఒకే పత్రము ఇచ్చినప్పుడే జవాబులు పోల్చుటకు వీలగును. జవాబులు వచ్చిన పిమ్మట మూడు మెట్లలో ఎంపిక చేయవలెను.

మొదటి మెట్టు: తప్పనిసరి అంశములలో ఒక్కటి లోపించినను ఆ పేరు కొట్టివేయవలెను. లైసెన్సు లేనివారు, పరీక్షా నివేదిక ఇవ్వనివారు, బిల్లు వ్రాయమన్నవారు ఎంత చౌకగా ఇచ్చినను వద్దు. చౌకదనము మొలకలోని లోపమును పూడ్చలేదు.

రెండవ మెట్టు: మిగిలినవారి సరకుకు, పైన చూపినట్లు, ఎకరపు ఖర్చు కట్టవలెను. బాడుగ, కూలి, సంచుల ఖరీదు ఇందులో చేర్చవలెను.

మూడవ మెట్టు: ఖర్చులో పెద్ద తేడా లేనివారిలో ఎవరి మాట నిలకడయైనదో విచారింపవలెను. గత రెండేండ్లలో వారివద్ద కొన్న నలుగురు రైతులను కలిసి, చెప్పిన తేదీకి ఇచ్చిరా, చెప్పిన రకమే ఇచ్చిరా, లోపము వచ్చినప్పుడు ఏమి చేసిరి అని అడుగుడు. మూడవ ప్రశ్నకు వచ్చు జవాబు అన్నిటికంటె విలువైనది. అంతా సవ్యముగా ఉన్నప్పుడు అందరును మంచివారే.

60 ఎకరముల విత్తనమును ఒక్కరివద్దనే కొనుట కంటె ఇద్దరివద్ద కొనుట క్షేమము. ఒకరు మాట తప్పినను సగము పొలమైన అదునులో పడును. అయితే రెండు లాటులను కలుపరాదు. ఏ లాటు ఏ పొలములో పడినదో పుస్తకములో వ్రాసుకొనవలెను.

అరువు

చాలమందికి చిక్కు ఇచ్చటనే ఉన్నది. అరువు ఇచ్చు అంగడిలోనే కొనవలెను. అక్కడ ఉన్నదే కొనవలెను. పంట వచ్చిన తరువాత వారికే తోలవలెను. ఈ కట్టడిలో ఉన్న రైతుకు అవసర పత్రము వ్రాసుకొన్నను ఎంచుకొను స్వేచ్ఛ ఉండదు. కావున అరువు ఖరీదెంతయో తేటగా తెలిసికొనవలెను. నగదు ధర 80 రూపాయలు, 5 నెలల అరువు ధర 92 రూపాయలు అనుకొందము. 80 రూపాయలకు 12 రూపాయలు, అనగా 5 నెలలకు నూటికి 15; సంవత్సరమునకు నూటికి 36 వడ్డీ. దీనిని బ్యాంకు పంటఋణపు వడ్డీతో పోల్చి చూడుడు. ధర అడుగునప్పుడే నగదు ధర, అరువు ధర వేరువేరుగా వ్రాసి ఇమ్మని కోరవలెను. సంఘములో అందరును ఒక్కసారి అరువు నుండి బయటపడలేకపోవచ్చును. విత్తనము ఒక్కటైన నగదుకు కొనగలిగినచో, పంటకు మూలమైన వస్తువును మన ఇష్టప్రకారము ఎంచుకొన్నవారమగుదుము.

సరకు చేరిన తరువాత

సంచులు దింపుకొనునప్పుడే ట్యాగు, లాటు నంబరు, తేదీ, కుట్టు చూడవలెను. కొన్ని సంచులను తూచి చూడవలెను. లాటువారీగా కొన్ని సంచుల నుండి పైన, మధ్య, అడుగున గుప్పెడు చొప్పున కాయలు తీసి, కలిపి, ఒలిచి, ఏరకుండ 100 గింజలు లెక్కపెట్టవలెను. తడిపిన గోనెపట్టాపై 25 చొప్పున నాలుగు వరుసలుగా పరచి, చుట్టి, నీడలో ఉంచి, తడి ఆరకుండ నీరు చిలుకరించుచుండవలెను. 10వ రోజున వేరు, మొలక రెండును ఆరోగ్యముగా ఉన్నవానినే లెక్కింపవలెను. 85 రావలసినచోట 70 వచ్చినచో, ఆ లాటును వాడక ముందే అమ్మినవారికి వ్రాసి తెలిపి, మార్పించుకొనవలెను. అందుకే “మా పరీక్షలో మొలక తగ్గినచో వారములో మార్చి ఇవ్వవలెను” అను షరతు ఆర్డరులో ఉండవలెను. కొంత డబ్బు పరీక్ష ముగిసిన పిమ్మట చెల్లించు ఒప్పందము చేసికొనినచో ఆ షరతునకు బలము వచ్చును.

బిల్లు లేనిదే సరకు తీసికొనరాదు. 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు, 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వుల ప్రకారము బిల్లు ఇచ్చుట, నిల్వలు, ధరలు అంగడిలో అందరికి కనబడునట్లు వ్రాయుట అమ్మకందారుల బాధ్యత. రకము, లాటు నంబరు, పరిమాణము, ధర, తేదీ బిల్లులో ఉండవలెను. తెల్లకాగితపు చీటీ బిల్లు కాదు. బిల్లు, ట్యాగులు, ఒక ఖాళీ సంచి పంట ఇల్లు చేరువరకు దాచవలెను.

ఇంత చేసినను పొలములో మొలక చెడినచో, దున్నివేయక ముందే వ్యవసాయాధికారికి వ్రాతపూర్వకముగా తెలిపి, పొలమును చూపి, ఫోటోలు తీయించుకొనవలెను. విత్తనము కొన్న రైతు వినియోగదారుడేనని, విత్తన చట్టము ఉన్నను అతడు వినియోగదారుల న్యాయస్థానమును ఆశ్రయింపవచ్చునని 2012లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులో తీర్పు చెప్పినది. ఫిర్యాదుకు రెండేండ్ల గడువు ఉన్నది. గాని అక్కడ మన మాటకు సాక్ష్యము మన కాగితములే. అవసర పత్రము, వారి జవాబు, పరీక్షా నివేదిక, బిల్లు, ట్యాగు, ఏ లాటు ఏ పొలములో పడినదో తెలుపు పుస్తకము, ఇవి ఉన్న రైతుకు బలము ఉన్నది.

పంట ముగిసిన పిమ్మట సంఘము మరల కూర్చుండి, ఎవరి విత్తనము ఎట్లు మొలిచినది, ఎకరమునకు ఎంత పండినది, ఎవరు మాట నిలుపుకొన్నారు అని అదే పుస్తకములో వ్రాసుకొనవలెను. వచ్చే ఏటి అవసర పత్రమునకు ఆ పుటయే మొదటి పుట. విత్తు ఒకటి వేయగా చెట్టు ఒకటి మొలవదు గదా! ఏ విత్తు వేయవలెనో వాన పడిన నాడు గాక, రెండు నెలల ముందే, మీ చేతితో మీరే వ్రాసుకొనుడు.